తపస్కాలపు విరుగుడు నీళ్ళు

త్రాన్సితో బెనీతెస్‌కు యాభై ఆరేళ్ళు. అందులో నలభై ఎనిమిదేళ్ళు కాఫీ చెట్ల కిందే గడిచాయి. ఎనిమిదో ఏట తల్లి నడుముకు బుట్ట కట్టి కోతకు పంపింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె కోసిన పండ్లలో ఒక్కటి కూడా తన చెట్టుది కాదు. మొదట దొరల తోట, తర్వాత తండ్రి తోట, ఆ తర్వాత మొగుడి తోట. మొగుడు ఎర్మెనెహిల్దో చనిపోగానే అది మరిది పేరు మీదికి వెళ్ళిపోయింది. హోండురాస్ దేశంలో ఆమె పేరున్న కాగితాలు రెండే రెండు: చర్చిలో జ్ఞానస్నానాల పుస్తకం, ఓటర్ల జాబితా.

ఎర్మెనెహిల్దో పెద్ద తోటలో మందు పంపు మోసేవాడు. డబ్బాల మీది పుర్రె బొమ్మను గోరుతో గీకేసి మరీ కూలీలకిచ్చేవారు, చూస్తే భయపడతారని. పంపు మూత దగ్గర కారి, చొక్కా తడిసి, వీపంతా పొక్కులు లేచేవి. నలభై ఒకటో ఏట అతని మూత్రపిండాలు ఆగిపోయాయి. తోట డాక్టరు ఎండదెబ్బ అని రాసిచ్చాడు. ఆ చొక్కాలన్నీ పదహారేళ్ళు చేత్తో ఉతికింది త్రాన్సితో. ఎండదెబ్బ వాసన ఎలా ఉంటుందో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

అప్పటి నుంచీ దుకాణం మందు ఆమె ముట్టలేదు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన దోన్ సెఫెరీనో అనే ముసలాయన కొండ ఊళ్ళన్నీ తిరుగుతూ పీపా మందు చేయడం నేర్పుతుంటే, తన ఊరు ఎల్ సపోతేలో ముందుగా నేర్చుకున్నది ఆమే. పచ్చి పేడ, పాల విరుగుడు నీళ్ళు, చెరుకు బెల్లం, పొయ్యి బూడిద, గిరిపుష్పం ఆకు. అన్నీ నీళ్ళలో కలిపి పీపాలో పోసి, గాలి చొరకుండా మూత బిగించి, మూతలోంచి ఒక గొట్టాన్ని నీళ్ళ సీసాలోకి వదలాలి. లోపల పులుస్తుంటే సీసాలో బుడగలు వస్తాయి. నెల తర్వాత వడగట్టి, నీళ్ళు కలిపి, పొద్దున్నే మొక్కల ఆకుల మీద చల్లాలి. నారుకు అది తిండి, అదే కాపుదల. పాలిపోయిన ఆకు వారంలో నల్లటి పచ్చదనానికి తిరుగుతుంది, తుప్పు తెగులు మచ్చ అంత తొందరగా దగ్గరికి రాదు.

దోన్ సెఫెరీనో ఇంకొన్ని కూడా చెప్పాడు. చంద్రుడు తరిగే రోజుల్లోనే మూత బిగించాలి. బయట ఉన్న ఆడది, కడుపుతో ఉన్న ఆడది పీపా మూత తీయకూడదు; ఆమె ఒంటి వేడికి లోపలిది చచ్చి విషమవుతుంది. బెల్లం ఎంతో చెప్పిన గొంతుతోనే ఈ మాటా చెప్పాడు. ఏది పని, ఏది నమ్మకం అని ఆయన విడదీయలేదు. త్రాన్సితో కూడా విడదీసి అడగలేదు. పన్నెండేళ్ళుగా తన దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళందరికీ రెండూ కలిపే నేర్పింది.

ఊళ్ళో కాఫీ సహకార సంఘం ఉంది. సభ్యుల్లో మగవాళ్ళు డెబ్బై మంది, ఆడవాళ్ళు తొమ్మిది మంది. సంఘానికి కొండవాలులో ఖాళీగా పడి ఉన్న మూడెకరాలను తమ తొమ్మిది మంది పేర రాయమని ఆ ఆడవాళ్ళు మూడేళ్ళు అడిగారు. మూడేళ్ళు సభలో నవ్వారు. నాలుగో ఏడు నవ్వడానికి ఓపిక లేక ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: వచ్చే జూన్ వానలకు ఆ నేలంతా కాఫీ మొక్కలతో నిండాలి. నిండితే తొమ్మిది పేర్లతో కాగితం. నిండకపోతే నేల వెనక్కి.

మనిషికి మూడు వందల చొప్పున రెండువేల ఏడువందల మొక్కల నారుమడి లేచింది. నల్ల సంచుల్లో వరసలు కట్టి, పైన తాటాకు పందిరి వేశారు. నారుమడి పెద్ద త్రాన్సితో. అందరిలోకీ చిన్నది నోల్వియా, పంతొమ్మిదేళ్ళ పిల్ల. మొగుడు తీరాన అరటి తోటల్లో ఉంటాడు, వచ్చినప్పుడు వస్తాడు. సంచుల్లో మట్టి నింపేటప్పుడు నోల్వియా చేతులు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు.

"దోన్యా త్రాన్సితో, కాగితం మీద నా పేరు పూర్తిగా రాస్తారా, సగమేనా?"

"పూర్తిగానే రాస్తారే. నీ పేరు రాయడానికే ఒక కాగితం పడుతుంది."

"రాయనీండి. మా ఆయన చూసి చదువుకుంటాడు. ఆయనకు కాస్త చదువైనా వస్తుంది."

ఏటా జనవరిలో బిగించే పీపాను ఈ ఏడు కోత ఆలస్యమై ఫిబ్రవరి దాకా బిగించలేకపోయారు. అందరూ తోటల్లోనే ఉన్నారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం మర్నాడు గానీ కుదరలేదు. అప్పటికి ఊట సన్నబడింది. తాగే నీళ్ళకే వరస. త్రాన్సితో ఒక ఉపాయం ఆలోచించింది. జున్ను చేసే ఫిదెలీనా ఇంట్లో విరుగుడు నీళ్ళు పందులకు పోగా మిగులుతూనే ఉంటాయి. నీళ్ళ బదులు అవే పోస్తే సరి. ఎప్పుడూ ఒక డబ్బా పోసేచోట పీపాలో సగానికి పైగా విరుగుడు నీళ్ళే పోసింది. నీళ్ళూ మిగిలాయి, మందూ బలంగా ఉంటుందనుకుంది.

నెల గడిచాక మూత తీసే రోజు వచ్చింది. ఆమెకు కుడి భుజం పట్టేసింది. పక్కనే ఉన్న నోల్వియాతో, "ఒసేయ్, ఆ బిగింపు విప్పు, నా చేయి లేవడం లేదు" అంది. పిల్ల ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత వంగి విప్పింది. వారంలో మూడుసార్లు చల్లారు. నారు పాలిపోయి ఉంది, గడువు ముంచుకొస్తోంది. అందుకని ఎప్పటికంటే చిక్కగా కలిపి, సంచుల్లోకి కూడా దిగేలా కొట్టారు.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం నాటికి ఆకుల అంచులు మాడాయి. కొసల నుంచి లోపలికి గోధుమరంగు పాకింది, ఎవరో నిప్పు అంటించి ఊదినట్టు. ఆదివారం నాటికి సగం నారు తల వంచేసింది.

ఆ ఎండలో కూడా నోల్వియా భుజాల మీది శాలువా తీయలేదు. ఎప్పుడూ కప్పుకోనిదాన్ని ఇప్పుడెందుకు కప్పుకుందని ఒకామె కొంగు పట్టి లాగింది. ఆరో నెల కడుపు.

"మూత తీసింది ఇదే కదూ?" అందొకామె.

"నేను కళ్ళారా చూశాను."

"చెప్పొద్దటే, ముదనష్టపుదానా? మా మూడేళ్ళ కష్టం కడుపులో దాచుకున్నావా?"

నోల్వియా వాళ్ళను చూడలేదు. త్రాన్సితో వైపే చూస్తూ, "చెబితే పీపా దగ్గరికే కాదు, నేల దగ్గరికి కూడా రానివ్వరు కదా" అంది.

తీయమన్నది నేనే అని త్రాన్సితో చెప్పవలసిన చోటు అదే. ఆమె వంగి ఒక సంచిని ఎత్తి, మాడిన ఆకును తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం పూజ అయ్యాక సంఘం అధ్యక్షుడు దోన్ ఎవేలియో చేతిలో మట్ట పట్టుకునే నారుమడికి వచ్చాడు. నెమ్మదస్తుడు. గొంతు ఎత్తడు, ఎవరినీ తిట్టడు. వరసల మధ్య నడిచి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమైంది, దోన్యా త్రాన్సితో?"

ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి సమాధానం వచ్చేసింది. కడుపుతో ఉన్న పిల్ల మూత తీసిందట. దోన్ ఎవేలియో తల ఊపాడు.

"అయ్యో. అయితే మీ తప్పేమీ లేదు. అలాంటిదానికి ఎవరేం చేస్తారు? సోమవారం కాక పై సోమవారం సభ ఉంది కదా. ఆ పిల్ల పేరు తీసేయండి. నారుమడికి ఫాదర్‌గారితో తీర్థం చల్లించండి. వచ్చే ఏటి వానల దాకా గడువు నేను మాట్లాడతాను. నువ్వేమంటావు?"

తొమ్మిది మందిలో ఏడుగురు త్రాన్సితో మొహంలోకి చూస్తున్నారు. ఎనిమిదో మనిషి అప్పటికే వాలు దిగి వెళ్ళిపోతోంది, శాలువా నేల మీద ఈడ్చుకుంటూ.

"మీరు ఎలా అంటే అలా" అంది త్రాన్సితో.

పవిత్ర వారం వచ్చింది. గురువారం మొక్కజొన్న పిండిలో జున్ను కలిపి ఉండలు చేసి పులుసులో వేసింది. అందరిళ్ళలోనూ అదే వంట. కూతురు రెండు గిన్నెలు తిని వెళ్ళింది. ఆమె ఒక్క ఉండ కూడా మింగలేదు.

శుభ శుక్రవారం ఊళ్ళో ఎవరూ పని చేయరు. గొడ్డలి ఎత్తరు, సూది గుచ్చరు, పశువులను కూడా కాయరు. అందుకే ఆ పొద్దున ఫిదెలీనా ఎర్రావు తాడు తెంపుకుని ఊరంతా తిరిగింది. చేయడానికి పని లేకపోయినా త్రాన్సితో నారుమడిలో తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉంది. ఆవు కంచె తోసుకుని వచ్చింది. పచ్చ ఆకుల జోలికి పోలేదు. నేరుగా పీపా దగ్గరికి వెళ్ళి, వడగట్టిన గోనెపట్టాను నాకడం మొదలుపెట్టింది. కర్రతో అదిలిస్తే పీపా అంచు నాకింది. మెడ పట్టి నెడితే, మందు ఒలికి ఎండిన మట్టిని నాకింది.

త్రాన్సితో కర్ర పక్కన పడేసింది. ఆ ఆవు దేనికోసం అలా నాకుతుందో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

పీపా అడుగున జానెడు మందు మిగిలి ఉంది. పన్నెండేళ్ళలో ఆమె ఎన్నడూ దాన్ని నోట పెట్టలేదు. ఎవరు పెడతారు, ఆ కంపుకు? వేలు ముంచి నాలుకకు రాసుకుంది. పులుపు, పేడ కంపు, వాటి వెనక నాలుక అంచులను పట్టుకునే ఉప్పు.

ఆవు కొమ్ములకు తన తలగుడ్డ కట్టి, లాక్కుంటూ ఫిదెలీనా ఇంటికి వెళ్ళింది. త్రాన్సితో కూతురికి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది ఫిదెలీనాయే. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు.

"దొంగముండ, నీ దగ్గరికొచ్చిందా? రా కొమాద్రే, కూర్చో. పులుసుంది, పోయనా?"

"జున్నులో ఉప్పు ఎప్పుడు వేస్తావు, కొమాద్రే?"

"ఇదేం ప్రశ్న? పిండాక వేస్తాను."

"తపస్కాలంలో?"

"తపస్కాలంలో గట్టి జున్ను కదా. పాలు విరగ్గానే వేసేస్తాను, నీళ్ళు ఓడ్చకముందే. చేతులతో గుప్పిళ్ళు గుప్పిళ్ళు. లేకపోతే పవిత్ర వారం దాకా నిలుస్తుందా? మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే." ఫిదెలీనా గరిటె ఆపింది. "ఏం, ఎందుకూ?"

"నేను ఏటా జనవరిలో పట్టుకెళ్ళేదాన్ని. ఈ ఏడే తపస్కాలంలో పట్టుకెళ్ళాను."

ఫిదెలీనాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి తలుపు దగ్గరికి వేసింది.

"పందులు కూడా ఈ నెలన్నరా సరిగ్గా తాగలేదు, కొమాద్రే. నేనే చెప్పాల్సింది. ఇంకెవరికి తెలుసు?"

"నీకూ, నాకూ, ఆవుకీ."

"అయితే అక్కడే ఉండనీ. ఆవు చెప్పదు." ఆమె గొంతు తగ్గించింది. "చూడు, ఎవేలియో గడువు ఇస్తానన్నాడు. నువ్విప్పుడు ఉప్పు అన్నావనుకో, నేల పోతుంది. తొమ్మిది మందిదీ పోతుంది. ఊరుకున్నావనుకో, ఒక్క పిల్లది పోతుంది. ఆ పిల్లకు వయసుంది. నీకేముంది?"

ఫిదెలీనా చెప్పిన లెక్కలో తప్పు లేదు. శనివారం, ఆదివారం ఆ లెక్కను ఆమె ఎన్నిసార్లు వేసుకున్నా అంతే వచ్చింది. ఎనిమిది ఒకటి కంటే ఎక్కువే. కానీ ఎర్మెనెహిల్దో కాగితం మీద ఎండదెబ్బ అని రాసిన డాక్టరు కూడా ఇలాంటి లెక్కే వేసుకుని ఉంటాడు కదా అని ఆదివారం పూజలో మోకాళ్ళ మీద ఉండగా తోచింది. తోటలో పంపు మోసేవాళ్ళు వంద మంది. చనిపోయింది ఒక్కడు. నిజం రాస్తే తోట ఆగుతుంది, వంద ఇళ్ళ పొయ్యి ఆరుతుంది. ఆ డాక్టరును ఆమె పదిహేనేళ్ళుగా తిట్టుకుంటోంది.

సోమవారం సభకు పీపా అడుగున మిగిలిన మందు ఒక సీసాలో తీసుకెళ్ళింది. నోల్వియా వచ్చింది. వెనక గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. దోన్ ఎవేలియో కాగితం చదివాడు: సభ్యురాలు నోల్వియా పేరు తొలగింపు, గడువు ఒక ఏడాది పొడిగింపు. చేతులు ఎత్తమన్నాడు.

త్రాన్సితో లేచింది.

"ఆ పిల్ల పని కాదు. ఉప్పు. తపస్కాలపు విరుగుడు నీళ్ళు సగం పీపా పోసింది నేను. మూత తీయమని చెప్పిందీ నేనే. తనంతట తాను తీయలేదు."

ముందు వరసలోంచి ఒకడన్నాడు, "నలభై ఏళ్ళు వంట చేసినదానివి, ఉప్పు తెలియలేదా దోన్యా?"

"పేడనీళ్ళు రుచి చూసి పోసేవాడివైతే నువ్వు నేర్పాల్సింది నాయనా."

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. సీసా బల్ల మీద పెట్టింది. "నమ్మకపోతే నాకి చూడండి."

దోన్ ఎవేలియో సీసాను చూశాడు, ముట్టుకోలేదు. పశువులు కాసే ముసలి మార్సియాల్ మాత్రం వచ్చి, వేలు ముంచి, నాకి, గడప అవతల ఉమ్మాడు. "ఉప్పే. గొడ్లకు పెట్టేంత" అన్నాడు.

దోన్ ఎవేలియో ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడాడు. కడుపుతో ఉన్న మనిషి చేయి పడిందంటే అది ఎవరి తప్పూ కాదు, దానికి గడువు ఇవ్వొచ్చు. ఇది అజాగ్రత్త. అజాగ్రత్తకు గడువు ఇస్తే రేపు అందరూ అడుగుతారు. షరతు జూన్ వానలు. ఎంత నేలలో మొక్క పడితే అంత నేల మీది. మిగతాది సంఘానిది. ఆ పిల్ల పేరు ఉంటే ఉండనీండి.

లేని తప్పుకు ఏడాది దొరికేది. ఉన్న తప్పును ఒప్పుకుంటే ఒక్కరోజు కూడా దొరకలేదు. ఆడదాని ఒంటిని నిందించినంతసేపు ఆ సభకు జాలి ఉంది. ఆడది లేచి పనిలో తప్పు జరిగిందని, అది సరిదిద్దుకోగల తప్పని చెప్పగానే జాలి అయిపోయింది.

బయటికి రాగానే సాటి ఆడవాళ్ళే మీద పడ్డారు.

"నోరు మూసుకుని కూర్చుంటే ఏడాది వచ్చేది."

"నీ మనసు తేలికైంది. మా నేల పోయింది."

మనసు తేలికైందన్న మాట మాత్రం అబద్ధం.

మర్నాడు పొద్దున నారుమడికి ముగ్గురు వచ్చారు. తర్వాత నోల్వియా వచ్చింది, చేతిలో రెండు డబ్బాలతో.

"మిమ్మల్ని క్షమించడానికి రాలేదు, దోన్యా."

"తెలుసే."

"ఆ ఆదివారం మీరు ఏమన్నా తిట్టి ఉంటే బాధపడేదాన్ని కాదు. ఆకు చూస్తూ కూర్చున్నారు." డబ్బాలు కింద పెట్టింది. "నా మూడు వందల మొక్కలు చూసుకోడానికి వచ్చాను. ఏం చేయాలో చెప్పండి."

చేయగలిగింది ఒక్కటే. ఉప్పు కిందికి దిగిపోయేదాకా ప్రతి సంచినీ మంచినీళ్ళతో కడగాలి, ప్రతి ఆకునూ కడగాలి. ఊటలో నీళ్ళు లేవు. నది లోయ అడుగున ఉంది. మొత్తం మెట్ట ఎక్కి దిగాలి. మూడు వారాలు మోశారు. నోల్వియాను మోయవద్దని త్రాన్సితో అంది. నోల్వియా వినలేదు, కానీ రెండు డబ్బాల నుంచి ఒక డబ్బాకు వచ్చింది. పైకి వచ్చి కూర్చుని, తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడిచేది, పసిపిల్ల మొహం తుడిచినట్టు కాదు, అంట్లు తోమినట్టు, పళ్ళు బిగించి.

ఈలోగా త్రాన్సితో కొత్త పీపా బిగించింది. ఫిదెలీనా పచ్చి జున్నుకు తిరిగింది, విరుగుడు నీళ్ళు చప్పగా ఉన్నాయి. అయినా ప్రతి డబ్బాలోనూ త్రాన్సితో వేలు ముంచి నాకింది. చంద్రుడు తరుగుతున్నాడా పెరుగుతున్నాడా చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడవలసి వచ్చింది.

మే నెలలో మూత తీసే రోజుకు మిగిలిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. నేల సగమైనా సగం ఉంది కదా. త్రాన్సితో భుజం ఆ రోజు బాగానే ఉంది. అయినా పక్కకు జరిగింది.

"నోల్వియా, నువ్వు తీయి."

పిల్ల ఎనిమిదో నెల పొట్టతో పీపా దగ్గరికి నడిచింది. ఇద్దరు ఆడవాళ్ళు శాలువా అంచు మొహాన అడ్డం పెట్టుకుని పందిరి దాటి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉన్నారు గానీ, ఊపిరి బిగబట్టారు. నిజం చెప్పాలంటే త్రాన్సితో కూడా బిగబట్టింది. బిగింపు ఊడింది. శుభ్రంగా పులిసిన పుల్లటి వాసన వచ్చింది.

"రుచి చూస్తావా?" అంది త్రాన్సితో.

"మీరే చూడండి దోన్యా. నాకసలే వేవిళ్ళు తగ్గి నాలుగు నెలలే అయింది."

బతికిన మొక్కలు పదమూడు వందల ఇరవై. జూన్ మొదటి వానకు ఎకరన్నర నిండింది. మిగతా ఎకరన్నరను సంఘం దోన్ ఎవేలియో బావమరిదికి ఇచ్చింది. కంచె అవతల అతని మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. కాగితం మీద తొమ్మిది పేర్లు పడ్డాయి, నోల్వియాది పూర్తిగా, రెండు వరసల్లో. సంతకాల రోజున ఆమె చంకలో వారం రోజుల పిల్ల ఉంది.

ఆకులు నల్లటి పచ్చదనానికి తిరిగాయి. ఎనిమిదో నెల మనిషి మూత తీసిన పీపాలోని మందు అది. తొమ్మిది మందీ ఆ ఆకులను రోజూ చూస్తున్నారు. ఆ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు పందిరి దాటి వెళ్ళిన ఇద్దరూ ఇప్పటికీ పీపా ఉన్న వైపు నుంచి రారు, చుట్టూ తిరిగి వస్తారు. త్రాన్సితో వాళ్ళను ఏమీ అనదు. ఆ దారి వాళ్ళకు వేసింది తానే.